మొస్యూ బ్రివే చీకటి

పారిస్‌లో పోయిన గొడుగు వెతుక్కుంటూ వచ్చినవాళ్లకు గొడుగు దొరికినా దొరక్కపోయినా, అనతోల్ బ్రివే కిటికీ ముందు నిలబడితే చూడవలసిన సినిమా ఒకటి మాత్రం ఖాయంగా దొరికేది. పోయిన సామాను ఆఫీసులో మూడో కిటికీ ఆయనది. ఇరవై ఏళ్లుగా ఆ కిటికీ వెనక కూర్చుని ఊళ్లోవాళ్ల చేతితొడుగులు, సంచులు, ఒకసారి ఒక కట్టుడు కాలు, వాటి వాటి యజమానులకు అప్పగించాడు. అది జీతం కోసం. జన్మ ఎత్తింది మాత్రం నేరాలు, మోసాలు, చీకటి వీధులు నిండిన నల్ల సినిమాలు చూడటానికి, చూసినవి ఇతరులకు సిఫారసు చేయడానికి అని ఆయన నమ్మకం. ఆ నమ్మకంలో పాలుపంచుకున్నవాళ్లు ఆఫీసులో లేరు.

"గొడుగు ఏ రంగండీ?" అనేవాడు బ్రివే, కలం పట్టుకుని.

"నలుపు," అనేది వచ్చినావిడ.

"నలుపంటే? మసి నలుపా, బొగ్గు నలుపా?"

"గొడుగు నలుపండీ బాబూ! గొడుగులన్నీ ఏ నలుపో అదే నలుపు!"

బ్రివే ఆమెకేసి జాలిగా చూసేవాడు. లోకంలో సగం అజ్ఞానానికి కారణం ఇదేనని ఆయన అభిప్రాయం. రసీదు వెనక్కి తిప్పి, ఆ శనివారం వెళ్లవలసిన సినిమా పేరు, హాలు పేరు, కూర్చోవలసిన వరుస రాసి ఇచ్చేవాడు. ఆమె గొడుగు తీసుకుని రసీదు చెత్తబుట్టలో వేసి వెళ్లేది. వర్షం వస్తే తడవకుండా ఉండటం తప్ప ఆమెకు జీవితంలో ఇంకో ఆశయం లేదని బ్రివే తీర్మానించేవాడు.

ఆయనకు నలుపులు నాలుగు. బూడిద, మసి, బొగ్గు, తారు. హీరో చివరికి బతికి బట్టకట్టే సినిమాలన్నీ బూడిద. నమ్మిన ఆడది మోసం చేస్తే మసి. నమ్మినవాడే తనను తాను మోసం చేసుకుంటే బొగ్గు. తారు అనే బిరుదు ఆయన ఒకే ఒక్క సినిమాకు ఇచ్చాడు. దాని సంగతి వస్తుంది.

మనిషి చూడటానికి నలభై ఆరేళ్లవాడిలా కాక, నలభై ఆరేళ్లుగా ఎవరి కోసమో వీధి చివర కాచుకుని ఉన్నవాడిలా ఉండేవాడు. జూన్ ఎండలో కూడా కోటు కాలరు పైకి ఎత్తుకునేవాడు. గుండె బలహీనమని డాక్టరు పొగ మాన్పించాడు గనక, వెలిగించని సిగరెట్టు ఒకటి పెదవి మూల వేలాడేసుకుని తిరిగేవాడు. భార్య లియొని ఇంట్లో కుట్టుపని చేసేది. ఆమెకు పాటలున్న రంగుల సినిమాలు ఇష్టం. చూసి, ఏడ్చి, ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయేది. ఆ విషయం బ్రివే మిత్రుల దగ్గర ఎత్తేవాడు కాదు. ఎవరి ఇంట్లో ఏ జబ్బు ఉందో నలుగురికీ చెప్పుకోవడం ఎందుకు?

మిత్రులంటే శనివారం మిత్రులు. పాంతెయోఁ వెనక సందులో "లూసియోల్" అని ఒక చిన్న హాలు. శనివారం సాయంత్రం నాలుగింటికి అక్కడ నల్ల సినిమా వేసేవాళ్లు. ముందు బ్రివే ఉపన్యాసం, వెనక చర్చ. వచ్చే ముప్ఫై మందీ మొదటి మూడు వరుసల్లోనే మెడలు విరుచుకుని కూర్చునేవారు. హాలు మధ్యలో బొమ్మ చక్కగా కనిపించే కుర్చీలన్నీ ఖాళీ. చక్కగా కనిపించాలనుకోవడం పామర లక్షణం. అక్కడ ఇంకో నియమం, కథ గురించి అడగకూడదు. ఒకసారి లియోన్ నుంచి వచ్చిన ఒక పళ్ల డాక్టరు చర్చలో లేచి, "ఇంతకీ చంపిందెవరండీ?" అన్నాడు. హాలు నిశ్శబ్దమైపోయింది. ఆయన మళ్లీ రాలేదు. ఆ నిశ్శబ్దం గురించి బ్రివే ఒక వ్యాసం రాశాడు.

ఇక లూసియోల్‌లో సినిమాలు అంత నల్లగా ఎందుకు ఉండేవి అన్న ప్రశ్న ఉంది. బ్రివే దీనికి పద్దెనిమిది వ్యాసాల్లో సమాధానం చెప్పాడు. అసలు సమాధానం ఒక్క వాక్యం. హాలు యజమానురాలు మదాం కొర్నుయెకు కార్బన్లంటే ప్రాణం.

ప్రొజెక్టర్‌లో దీపం అంటే రెండు కార్బన్ కడ్డీలు. వాటి మొనల మధ్య మంట పుడుతుంది. కరెంటు ఎంత పెడితే అంత వెలుగు, అంత త్వరగా కడ్డీలు ఖర్చు. యుద్ధకాలంలో జర్మన్లు ఊళ్లో ఉన్న రోజుల్లో కరెంటు కరువని మదాం కొర్నుయె దీపం సగానికి తగ్గించింది. జర్మన్లు వెళ్లిపోయారు. కరెంటు తిరిగి వచ్చింది. దీపం సంగతి మాత్రం ఎవరూ ఆమెకు గుర్తు చేయలేదు, ఆమె గుర్తు తెచ్చుకోలేదు. అరిగిపోయిన కడ్డీల తుదలు పారేయకుండా ఒకదానికొకటి బిగించి కాల్పించేది. దీపం వెనక అద్దం తుడిస్తే అరిగిపోతుందని ఆమె అనుమానం. ఆపరేటర్ లుబాన్ ముసలాయనకు రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆయనకు ఏ బొమ్మైనా ఒకటే. ఆ హాల్లో ఒకసారి ఆల్ప్స్ మంచుకొండల మీద జారుడు పందేల చిత్రం వేస్తే, బ్రివే దానికి కూడా బొగ్గు బిరుదు ఇచ్చాడు.

తారు బిరుదు పొందిన ఏకైక సినిమా "రాత్రికి రేవు లేదు". అమెరికా నుంచి వచ్చిన చవకరకం సరుకు. పంపిణీ కంపెనీ దివాలా తీసినప్పుడు మదాం కొర్నుయె ఆ ప్రింటును పాత కుర్చీలతో కలిపి కొనేసింది. ఫ్రాన్సులో ఇంకో ప్రింటు లేదు. ఉండాలని ఎవరూ కోరుకోలేదు. అందులో ఒక క్లబ్బులో పాడే అమ్మాయిని మెట్ల మీద ఎవరో చంపుతారు. లూసియోల్ తెర మీద ఆ మెట్లు కనిపించేవి కావు, చంపేవాడూ కనిపించేవాడు కాదు; ఒక కేక, తర్వాత నలుపు. సినిమా చివర పోలీసు ఇన్‌స్పెక్టరు గది మధ్య నిలబడి, ఎడమ మూలకు వేలు చూపించి, "అతనే" అంటాడు. ఆ మూల లూసియోల్‌లో కటికచీకటి. ఇన్‌స్పెక్టరు చీకటికి వేలు చూపిస్తున్నాడు! హంతకుడికి ముఖం లేదు! చీకటే హంతకుడు! పన్నెండేళ్ల కిందట మొదటిసారి అది చూసినప్పుడు బ్రివే కుర్చీలోంచి లేవలేకపోయాడు. లుబాన్ వచ్చి తట్టి లేపవలసి వచ్చింది.

అప్పటినుంచి ఆ "అతనే" అనే మాట మీద బ్రివే రాయనిది లేదు. "అతను" సమాజం అని రాశాడు. తర్వాత "అతను" దేవుడు అని, ఆ మరుసటి ఏడు దేవుడు లేకపోవడం అని రాశాడు. చేతితో తిప్పే యంత్రం మీద నూట నలభై ప్రతులు అచ్చయ్యే "మసి" అనే పత్రికలో ఇవన్నీ వచ్చాయి. ఎక్కడెక్కడి నుంచో జనం ఆ చీకటిని దర్శించుకోవడానికి వచ్చేవారు. ఆ నూట నలభై మందికి బ్రివే అంటే ముఖం లేని హంతకుడిని కనిపెట్టినవాడు. మిగతా పారిస్‌కు ఆయన మూడో కిటికీ.

వెయ్యి తొమ్మిది వందల అరవై ఒకటి వసంతంలో ఆయనకు ఒక ఉత్తరం వచ్చింది. ఎద్మోఁ తెరూల్ అనే ప్రచురణకర్త నల్ల అట్టలతో చిన్నచిన్న పుస్తకాలు వేసేవాడు. అవి కొన్నవాళ్లు చదివేవారో లేదో గాని చంకలో మాత్రం పెట్టుకుని తిరిగేవారు. "మీ 'ముఖం లేని హంతకుడు' రాతప్రతి చదివాను," అని రాశాడు తెరూల్. "శనివారం వస్తాను. మీరు చెప్పిన చీకటి నాకూ కనిపిస్తే పుస్తకం వేస్తాను. లేకపోతే రాతప్రతి తిరిగి ఇస్తాను."

బ్రివే ఆ ఉత్తరాన్ని లియొనికి చదివి వినిపించాడు.

"చీకటి కనబడటమేమిటండీ?" అంది లియొని, నోట్లో గుండుసూదులు పెట్టుకుని.

"నీకు చెప్పినా అర్థం కాదు."

"ఎలాగూ అర్థం కాదుగా, నేనూ వస్తాను. పుస్తకం వేసే ఆయన వస్తున్నాడంటే పెళ్లాం ఎక్కడా అని అడగడూ? నీలం టోపీ పెట్టుకుంటాను."

పన్నెండేళ్లలో మొదటిసారి. బ్రివే కాదనలేకపోయాడు.

అయితే శుక్రవారం నాడు లూసియోల్‌లో జరిగింది ఆయనకు ఎవరూ చెప్పలేదు. లుబాన్ కళ్ల ఆపరేషను కోసం లిమోజ్‌లో కూతురి ఇంటికి వెళ్లిపోయాడు. ఆయన స్థానంలో లిల్ నుంచి ఫెర్నాండ్ దెల్కూర్ అనే యాభై రెండేళ్లావిడ దిగింది. పదకొండు వందల కుర్చీల హాల్లో ఇరవై ఆరేళ్లు ఆపరేటర్‌గా చేసిన మనిషి. మోచేతుల దాకా చొక్కా మడిచి దీపం గూడు తలుపు తీసింది.

"ఇది అద్దమా, పెనం అడుగా?" అంది.

"తుడవకమ్మా, తుడిస్తే అరుగుతుంది," అంది మదాం కొర్నుయె, అల్లిక ఆపి.

"మొహం కడుక్కుంటే అరిగిందా మీకు?"

వెనిగరు, పాత పేపరు పెట్టి అద్దాన్ని గంటసేపు రుద్దింది. అతుకుల కడ్డీలన్నీ బక్కెట్లో పడేసి, కొత్తవి బిగించి, కరెంటు పిడి పూర్తిగా తిప్పింది.

"కార్బన్లు కాస్త నిదానంగా కాల్చమ్మా!"

"నిదానంగా కాల్చుకోడానికి అదేమన్నా చుట్టా? చూడండి మదాం, బొమ్మ నా చేతిలో ఉందంటే జనానికి కనపడాలి. కనపడకూడదనుకుంటే నన్నెందుకు పిలిచారు? హాలు తలుపులు మూసేసి ఇంటికెళ్లండి."

మదాం కొర్నుయె ఇంకో ఆపరేటర్‌ను వెతకడం ఎంత కష్టమో లెక్కవేసుకుని అల్లిక మళ్లీ అందుకుంది.

శనివారం నాలుగింటికి తెరూల్ వచ్చాడు. పొడుగ్గా, సన్నగా, ఎవరో మడతపెట్టి మర్చిపోయిన మనిషిలా ఉన్నాడు. లియొని నీలం టోపీతో ఆయన పక్కన రెండో వరుసలో కూర్చుంది. బ్రివే తెర ముందు నిలబడి ఇరవై ఐదు నిమిషాలు మాట్లాడాడు.

"మిత్రులారా, మీరిప్పుడు చూడబోయేది చూడటానికి వీలుకానిది," అన్నాడు. "కంటితో చూసేవాడు ఈ హాల్లో ఉండనక్కర్లేదు."

లియొని కళ్లద్దాలు తీసి తన కొత్త గౌనుకు తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

దీపాలు ఆరిపోయాయి. తెర వెలిగింది.

బ్రివేకు మొదట కలిగిన అనుమానం ఎక్కడో ఏదో అంటుకుందని. తెర మీద ఇంత వెలుగు ఆ హాల్లో ఎప్పుడూ లేదు. మొదటి వరుసలో ఒకాయన కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పన్నెండేళ్లుగా చీకటి సముద్రం అనుకున్నది ఒక గుడ్డ మీద వేసిన రంగు బొమ్మ అని, ఆ గుడ్డకు మధ్యలో మడత కూడా ఉందని అప్పుడు కనిపించింది. "అనంతమైన శూన్యం నుంచి నడిచి వచ్చే కథానాయకుడు" ఒక బీరువా పక్కనుంచి నడిచి వచ్చాడు. గదిలో గోడకాగితం మీద చిన్నచిన్న బాతులున్నాయి. పాడే అమ్మాయి అమ్మాయి కాదు. ఆమెకు నలభై దాటి కొంతకాలమైంది.

"బాతులు బాగున్నాయి," అంది లియొని గుసగుసగా. అయితే ఆమె గుసగుస ఐదో వరుస దాకా వినిపించేది.

తెరూల్ ఒళ్లో ఉన్న పుస్తకంలో పెన్సిలుతో ఏదో రాసుకున్నాడు.

తర్వాత మెట్ల దృశ్యం వచ్చింది. మెట్లు కనిపించాయి. మెట్ల మీద పాటగత్తె కనిపించింది. ఆమె వెనక, మొదటి రీల్లో అద్దె అడగడానికి వచ్చిన ఇంటి యజమాని కనిపించాడు. గుబురు మీసాలు, నడుముకు తాళాల గుత్తి, నుదుట చెమట. చంపడానికి ముందు ఆయన చేతిరుమాలుతో చక్కగా ముఖం కూడా తుడుచుకున్నాడు, ఎవరికైనా అనుమానం ఉంటే తీరిపోవాలని.

"ఓ! ఇంటాయనే చంపాడు!" అంది లియొని. "నేను అప్పుడే అనుకున్నాను, ఆ మీసాలు చూడగానే."

హాల్లో ఎవరో ముక్కుతో నవ్వారు. ఆ నవ్వు వరుస తర్వాత వరుసకు పాకింది. పదేళ్లుగా "మసి"కి చందా కట్టినవాళ్లు, హంతకుడు సమాజమా దేవుడా అని పోట్లాడుకుని మాటలు మానేసినవాళ్లు, ఇంటి యజమాని మీసాలు చూసి నవ్వారు. తెరూల్ పెన్సిలు ఆగింది. రాతప్రతి ఆయన కుర్చీ కింద సంచిలో ఉంది; ఒక చెయ్యి ఆ సంచి మీదికి వెళ్లింది.

బ్రివేకు లెక్క తెలుసు. చివరి దృశ్యానికి ఇంకా ఐదు నిమిషాలు. ఇన్‌స్పెక్టరు వేలు చూపించే ఆ ఎడమ మూల కూడా ఇలాగే వెలిగిందంటే అక్కడ కుర్చీలో ఎవడు కూర్చుని ఉంటాడో ఇప్పుడు హాల్లో అందరికీ తెలుసు. వంగి, చప్పుడు కాకుండా బయటికి వచ్చి, గుండె డాక్టరు ఇచ్చిన సలహాలన్నీ మర్చిపోయి ఆపరేటర్ గది మెట్లెక్కాడు.

ఫెర్నాండ్ స్టూలు మీద కూర్చుని రొట్టెముక్కలో హాము పెట్టుకుని తింటోంది.

"దీపం తగ్గించండి!" అన్నాడు బ్రివే ఆయాసపడుతూ.

"ఎవరండీ మీరు?"

"నేను... నేను బ్రివే. కింద మాట్లాడింది నేనే."

"ఓ, ఆ ఇరవై ఐదు నిమిషాలు మీరేనా! నేను రెండు రీళ్లు చుట్టేసుకున్నాను ఆ టైములో. ఏం, బొమ్మ మసగ్గా ఉందా?"

"మసగ్గా లేదు, అదే బాధ! అంతా కనబడుతోంది!"

ఫెర్నాండ్ నమలడం ఆపి ఆయనకేసి చూసింది.

"ఇరవై ఆరేళ్లలో బొమ్మ కనబడలేదని కేకలేసిన జనాన్ని చూశాను. కనబడుతోందని మెట్లెక్కి వచ్చినవాణ్ణి ఇప్పుడే చూడటం. కూర్చోండి, మంచినీళ్లు తాగండి."

"మదాం, మీకు తెలీదు. ఈ సినిమా నల్లగా ఉండాలి. అది దీని ఆత్మ!"

"దీని ఆత్మ సంగతి నాకు తెలీదు గాని, ఈ సినిమా తీసినవాడు లైట్లకు బాగా ఖర్చు పెట్టాడు. వాడి డబ్బు నేను మసి చెయ్యను. పిడి ముట్టుకోకండి! చెయ్యి కాలుతుంది!"

బ్రివే వెనక్కి తగ్గాడు. చిన్న గాజు కిటికీలోంచి కిందికి చూశాడు. ఇన్‌స్పెక్టరు అప్పుడే గదిలోకి వస్తున్నాడు. తలుపు వేశాడు. టోపీ తీశాడు. ఎడమ మూల కుర్చీలో ఇంటి యజమాని కాలు మీద కాలేసుకుని, చేతిరుమాలుతో మీసాలు తుడుచుకుంటూ తీరిగ్గా కూర్చుని ఉన్నాడు. పన్నెండేళ్లుగా వాడు అక్కడే కూర్చుని ఉన్నాడన్నమాట.

తత్వవేత్త అయినవాడు ఇటువంటి క్షణంలో సత్యానికి తలవంచాలి. బ్రివే తల మీది టోపీ తీశాడు. తలవంచడానికి కాదు. దాన్ని దీపపు వెలుగు పడే దారిలో, కింది వైపు ఎడమ అంచున, రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఏం చేస్తున్నారయ్యా!"

"ఒక్క నిమిషం! మీ కాళ్లు పట్టుకుంటాను, ఒక్క నిమిషం!"

"కాళ్లు ఎలా పట్టుకుంటారు, చేతులు ఖాళీ లేవుగా," అంది ఫెర్నాండ్. ఆయన ముఖం రంగు చూసి మాత్రం లేవలేదు. మనిషి చచ్చిపోయేలా ఉన్నాడు; మొదటి వారంలోనే గదిలో శవం ఉండటం ఆమెకు ఇష్టం లేదు.

తెర మీద ఎడమ మూల ఒక నల్లటి మేఘం పుట్టింది. అంచులు మసకగా పొగలా ఉన్నాయి. ఇంటి యజమాని, కుర్చీ, చేతిరుమాలు, మూడూ అందులో మునిగిపోయాయి. ఇన్‌స్పెక్టరు చెయ్యెత్తి, వేలు చాచి, చీకటికి చూపించి అన్నాడు: "అతనే."

బ్రివే చేతులు వణుకుతున్నాయి. ఆ చీకటి కూడా వణికింది. చిన్నదైంది, పెద్దదైంది, మళ్లీ చిన్నదైంది.

హాల్లో నవ్వులు ఆగిపోయాయి. ఆ తర్వాత ఎవరో ఒకరు చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ కొట్టారు.

బ్రివే చెమటలు కక్కుతూ కిందికి దిగేసరికి తెరూల్ లేచి నిలబడి ఉన్నాడు. ముప్ఫై మందీ ఆయన వైపు తిరిగి ఉన్నారు.

"మిత్రులారా, నేను మోసపోయాననుకున్నాను," అన్నాడు తెరూల్. "గంటన్నర సేపు అంతా పట్టపగల్లా ఉంది. ముతక వెలుగు. హంతకుడు కూడా దొరికిపోయాడు. ఈ మదాం చూసి చెప్పింది కూడా. మనమంతా నవ్వాం. అప్పుడు, సరిగ్గా ఆ మాట దగ్గర, దర్శకుడు మన చేతిలోంచి హంతకుణ్ణి లాగేసుకున్నాడు! మీకు తెలిసింది మీకు తెలియదు అని చెప్పాడు. ఆ చీకటి మామూలు చీకటి కాదు. ఊపిరి పీలుస్తోంది! నా కళ్లారా చూశాను, అది ఊపిరి పీల్చింది!"

"నేను పన్నెండేళ్లుగా చెబుతున్నది అదే," అన్నాడు బ్రివే.

"మీరు అలా చెప్పలేదే," అన్నాడు వెనకనుంచి ఒకాయన, "సినిమా మొత్తం నలుపని రాశారు."

"మొదటిసారి చూసినప్పుడు అందరికీ అలాగే అనిపిస్తుంది," అన్నాడు బ్రివే. "చివరి చీకటి వెనక్కి పాకి మొత్తం సినిమాను కప్పేస్తుంది. అది జ్ఞాపకం చేసే పని. నేను పరీక్ష పెట్టాను. మీరిప్పటికి గమనించారు."

ఆ జవాబు విని వెనకాయన సిగ్గుపడి కూర్చున్నాడు. ఇంటి యజమాని మీసాలు చూసి నవ్వినవాళ్లందరూ ఆ నవ్వును కూడా దర్శకుడే కావాలని పుట్టించాడని ఒప్పుకున్నారు. తెరూల్ సంచిలోంచి రాతప్రతి తీసి అక్కడికక్కడే బ్రివే చెయ్యి పట్టుకుని ఊపాడు. "వేస్తున్నాను," అన్నాడు. "ఒక్క అధ్యాయం మార్చాలి. ఊపిరి గురించి."

ఇంటికి వెళ్లే దారిలో వంతెన దాటాక లియొని అంది:

"ఒక మాట అడుగుతాను, కోప్పడరుగా?"

"అడుగు."

"ఆ సమయానికి మీరు హాల్లో లేరు. తిరిగొచ్చేటప్పుడు టోపీ అంచంతా మీ వేళ్ల చెమటకి తడిసిపోయుంది. మూల ఉన్నది మీ టోపీయేనా?"

బ్రివే వెలిగించని సిగరెట్టు పెదవి మూలనుంచి తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"లియొని, సినిమా అంటే కంటికి కనబడేది కాదు."

"అంటే మీ టోపీయే," అంది లియొని. "పోనీలెండి. నేను కుట్టిన అస్తరుకి ఇంత పేరొస్తుందనుకోలేదు."

పుస్తకం శరదృతువులో నల్ల అట్టతో వచ్చింది. మంచి పేరు తెచ్చుకుంది, అంటే చంకల్లో కనిపించింది. దాంతో లూసియోల్‌లో శనివారం జనం మూడు వరుసల నుంచి ఎనిమిది వరుసలకు పెరిగారు. "రాత్రికి రేవు లేదు" నెలకు రెండుసార్లు వేయవలసి వచ్చింది. మదాం కొర్నుయె అల్లిక పక్కన పెట్టి, దీపానికి పూర్తి కరెంటు ఇమ్మని తనే చెప్పింది. ముందు ఎంత వెలుగుంటే చివర అంత చీకటి అని ఆమెకు కూడా అర్థమైపోయింది.

చిక్కల్లా బ్రివేకే. ముందుమాట చెప్పగానే మిత్రులంతా సగౌరవంగా ఆయనకు మొదటి వరుసలో మధ్య కుర్చీ వదిలేవారు. ఆయన దాన్ని ఖాళీగా వదిలి, "నేను ఈ సినిమాను ఒంటరిగా చూస్తాను," అని మెల్లగా జారుకునేవాడు. అది గొప్ప వైరాగ్యంగా పేరు పొందింది. ఆయన వెళ్లి ఆపరేటర్ గదిలో గంటన్నర నిలబడేవాడు. ఖాళీగా నిలబడితే ఫెర్నాండ్ ఒప్పుకునేది కాదు.

"రీళ్లు చుట్టండి, మొస్యూ బ్రివే. టోపీ పని చివర్లో కదా."

చుట్టేవాడు. ఐదోసారి కొంచెం తెలివి చేశాడు. చేతులు నొప్పెడుతున్నాయని మోచేతులు గోడ అరుగుకు ఆనించి టోపీ పట్టుకున్నాడు. చీకటి రాయిలా కదలకుండా నిలబడింది. కింద చర్చలో గగ్గోలు పుట్టింది. ప్రింటు పాడైందని ఒకాయన, సెన్సారువాళ్లు కత్తిరించారని ఇంకొకాయన. "ఊపిరి లేదు!" అని ఎవరో కేకవేశారు. బ్రివే మెట్లు దిగి వచ్చేసరికి ప్రభుత్వానికి పంపవలసిన నిరసన పత్రం తయారై సంతకానికి సిద్ధంగా ఉంది. ఆయన అందరికంటే పైన సంతకం పెట్టాడు.

ఆ తర్వాతి ఆట నుంచి టోపీని కావాలని వణికించడం నేర్చుకున్నాడు. సహజంగా వణికినదాన్ని వేషం వేసి వణికించడం ఎంత కష్టమో ఆయనకు తెలిసి వచ్చింది.

"ఎక్కువైంది," అనేది ఫెర్నాండ్, కిటికీలోంచి చూస్తూ. "జలుబు చేసినట్టుంది మీ చీకటికి. నెమ్మదిగా... ఆ, అలా. ఇప్పుడు సరిగ్గా ఉంది. మీ టోపీకి యూనియన్‌లో సభ్యత్వం ఇప్పించాలి."

మూడేళ్లు గడిచాయి. బ్రివే ఆ సినిమా చివరి దృశ్యం మళ్లీ చూడలేదు. టోపీ లోపలి అస్తరు, దాని మీద లియొని కుట్లు మాత్రం చూశాడు. మూడో కిటికీ దగ్గర ఇప్పటికీ రసీదుల వెనక ఆ సినిమా పేరే రాసేవాడు. ఇప్పుడు కొందరు నిజంగానే వచ్చేవారు, పుస్తకం పట్టుకుని మరీ.

ఒక శనివారం బెల్జియం నుంచి ఒక విద్యార్థి బృందం వచ్చింది. చర్చ మధ్యలో వాళ్ల అధ్యాపకుడు లేచి వినయంగా అడిగాడు:

"మొస్యూ బ్రివే, ఇన్నిసార్లు చూసిన మీకు, ఆ చీకటి ముందు, ఆ 'అతనే' అన్న క్షణంలో, సరిగ్గా ఏమనిపిస్తుంది?"

బ్రివే అప్పుడే మెట్లు దిగి వచ్చాడు. ఆ రోజు ప్రింటులో అతుకు తెగి ఆలస్యమై, టోపీ మామూలు కంటే ఎక్కువసేపు పట్టుకోవలసి వచ్చింది. ఆలోచించుకునే ఓపిక లేకపోయింది.

"భుజాలు లాగేస్తాయి," అన్నాడు.

ఎనిమిది వరుసల్లోనూ పెన్సిళ్లు కాగితం మీద గీసుకుంటున్న చప్పుడు వినిపించింది.